శనివారం గొంతు

తాగుడు మానేసిన పదకొండో రోజు పొద్దున సూరిబాబు గొంతు ఇల్లు వదిలి మీటింగుకు వెళ్లిపోయింది. ఆ సంగతి ఇంట్లో బయటపడింది మాత్రం ఉప్పు జాడీ దగ్గర జరిగిన చిన్న గొడవలో. ఎవరో తడి చెంచా జాడీలో పెట్టారు, ఉప్పు గడ్డకట్టింది. పెట్టింది కోడలేనని నరసాయమ్మ అంది. పొద్దుటి నుంచి తాను జాడీ ముట్టుకోలేదని, అట్టు మీద ఉప్పు చల్లుకున్నది మీ అబ్బాయేనని భ్రమరాంబ అంది.

"మగాడు ఉప్పు జాడీ దాకా ఎందుకొస్తాడమ్మాయ్? నువ్వు అందించకపోతేనే కదా."

"నాకున్నవి రెండు చేతులే అత్తయ్యా. ఒకటి పెనం దగ్గరుంది, రెండోది పిండి గిన్నెలో ఉంది."

ఇద్దరూ తీర్పు కోసం సూరిబాబు వైపు తిరిగారు. ఆయన నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి, కంఠంలో ముడి పైకీ కిందికీ ఆడింది, శబ్దం రాలేదు. పక్క వాటాలో మిక్సీ ఆగేదాకా ఆగి మళ్లీ ప్రయత్నించాడు. అప్పుడూ ఏమీ వినబడలేదు.

"ఎన్నో రోజు?" అని అడిగింది నరసాయమ్మ.

ఇంటర్మీడియట్ చదువుతున్న వల్లిక గోడ మీది క్యాలెండరు చూసి, "పదకొండు నానమ్మా" అంది.

"టైముకే పోయింది. వెనక వీధి మేస్త్రీకీ ఇంతే" అని, నరసాయమ్మ గడ్డకట్టిన ఉప్పును గరిటె కాడతో పొడవడం మొదలుపెట్టింది.

సామర్లకోటలో అది కొత్త విషయం కాదు. తాగుడు మానేసినవాడి గొంతు వాడిని మాన్పించే చోటికి చెందుతుంది. మీటింగు జరిగే గంటన్నరసేపు అక్కడ అతను మామూలుగా మాట్లాడతాడు. గడప దాటాక పెదవులు మాత్రమే ఆడతాయి. ఓటు హక్కుకూ రేషను కార్డుకూ దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. సూరిబాబుది మోటారు వైండింగు షాపు కాబట్టి పనికి కూడా ఇబ్బంది లేదు. కాలిపోయిన మోటారు వాసన చూడగానే ఆయన సంగతి చెప్పేసేవాడు, ఇప్పుడు ఆ సంగతే కాగితం మీద రాసి ఇస్తున్నాడు.

వార్డు సచివాలయంలో ఆరోగ్య కార్యదర్శి ప్రశాంతి అనే అమ్మాయి. ఆమె బల్ల మీద టీకాల రిజిస్టరుకూ దోమల మందు రిజిస్టరుకూ మధ్యలో స్వర బదిలీ దరఖాస్తుల కట్ట ఉంటుంది. భ్రమరాంబ బీయే చదువుకుంది, అందుచేత దరఖాస్తు తానే నింపింది. ఆధార్ నకలు, రెండు ఫొటోలు, ఆఖరిసారి తాగిన తేదీ, ఆయన గొంతు విన్నామని ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలు. సాక్షుల కోసం ఆమె ఎక్కడా తిరగవలసిన పని లేకపోయింది. పంతొమ్మిదేళ్లుగా విన్నవాళ్లు వీధి పొడుగునా ఉన్నారు.

"ఏ మీటింగుకి వెళ్లిందో ఎలా తెలుస్తుందండి?" అని అడిగింది.

"అది మా పరిధిలో లేదండి. ఊళ్లో ఆరున్నాయి. ఒక్కో చోటికీ తీసుకెళ్లి నోరు తెరిపించి చూడటమే." ప్రశాంతి ఒక జిరాక్సు కాగితం ఇచ్చింది. అందులో రెండు చిరునామాలు మారిపోయాయి, ఒకచోట వారం తప్పు.

"గొంతు ఇంట్లోనే ఉండాలంటే?"

ప్రశాంతి కలానికి మూత పెట్టింది. "దానికి దారి ఒకటే ఉందండి. ఆయన గ్లాసు పట్టుకున్న సాయంత్రానికే దానంతట అదే వచ్చేస్తుంది, దరఖాస్తు కూడా అక్కర్లేదు. మేమైతే సిఫారసు చేయం."

ఆ దారి భ్రమరాంబకు అక్కర్లేదు. పంతొమ్మిదేళ్లు ఆ దారిలోనే కాపురం చేసింది. పగిలిన కిటికీ అద్దాలు, వల్లిక పదో తరగతి పరీక్షల నాడు నలుగురు మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టిన మనిషి, పొద్దున్నే ఆ అరుగు కడిగిన నీళ్లు, వీటిలో ఒక్కటీ ఆమె మరిచిపోలేదు. డాక్టరు కాలేయం ఫొటో చూపించి ఇంక మీ ఇష్టం అన్న రోజున, ఆసుపత్రి మెట్ల మీద ఆయన సీసా మూత కూడా ముట్టనని తలూపితే, ఆమె నమ్మనూ లేదు, నమ్మకుండా ఉండనూ లేదు. ఇప్పుడు నమ్ముతోంది. ఆమెకు కావలసింది చాలా చిన్న విషయం. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఆమెకు తన పేరు కావాలి.

అత్తగారు అమ్మాయ్ అంటుంది. వల్లిక అమ్మా అంటుంది. వీధిలో వైండింగు ఆయన గారి భార్య, కాలేజీ మీటింగులో వల్లిక వాళ్లమ్మ. పుట్టింట్లో చిట్టి అనేవారు, ఆ అనేవాళ్లు కూడా ఇప్పుడు లేరు. ఆమెను పూర్తి పేరు పెట్టి పిలిచే మనిషి లోకంలో ఒక్కడే మిగిలాడు, అదీ తాగినప్పుడు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మొదలయ్యేది పిలుపు. భ్రమరాంబా అని, ఆఖరి అక్షరం పట్టుకుని సాగదీసుకుంటూ వచ్చేవాడు. అందులో కోపం ఉండేది కాదు, అజమాయిషీ ఉండేది కాదు. తెలియని ఊళ్లో దిగినవాడు తెలిసిన ఇంటి గుర్తు అడిగినట్టు ఉండేది. ఆ పిలుపు గుమ్మం లోపలికి వచ్చాక జరిగేవన్నీ ఆమెకు అసహ్యం. గుమ్మం బయట ఉన్నంతసేపూ మాత్రం ఆమె వంటింట్లో పొయ్యి తగ్గించి వినేది.

పొద్దున లేచాక అదే మనిషి ఇదిగో అనేవాడు. తెలివిలో ఉన్న మగవాడు తల్లి ముందు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడం ఆ ఇంట్లో లేదు.

వల్లిక అటక మీంచి తన చిన్నప్పటి పలక తీసి ఆయనకిచ్చింది. సూరిబాబు దాని మీద రాసిన మొదటి మాట "ఇదిగో". తరువాత పలక అంచును వేలితో టక్కున కొట్టాడు. భ్రమరాంబ వంటింట్లోంచి వచ్చి చూసింది. "ఇదిగో" చెరిపి "నీళ్లు" అని రాశాడు.

"పేరు రాయొచ్చుగా నాన్నా" అంది వల్లిక.

ఆయన తల్లి వైపు చూశాడు. నరసాయమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆయన మోచేత్తో పలక తుడిచి, "దాహం" అని రాశాడు.

గొంతు వెతకడం మూడు వారాలు పట్టింది. సోమవారం మీటింగు కుట్టుపని నేర్పే చోట జరుగుతుంది. అక్కడ సూరిబాబు కుట్టుమిషన్ల మధ్య నిలబడి నోరు తెరిచాడు, ఏమీ రాలేదు. అందరూ ఓపికగా చూసి, ఇది మీది కాదు బాబూ అన్నారు. మంగళవారం వెళ్లినచోట తాళం ఉంది. మీటింగు రెండేళ్ల క్రితమే మారిపోయిందని, ఎక్కడికి మారిందో తెలిసినవాళ్లు కూడా మారిపోయారని పక్క కొట్టు ఆయన చెప్పాడు.

బుధవారం మీటింగు పశువుల ఆసుపత్రి వెనక గదిలో. అక్కడ ఇంటివాళ్లను కూడా రానిస్తారు. సూరిబాబు నోరు తెరవగానే గొంతు వచ్చింది. అయితే అది ఆయనది కాదు. బొంగురుగా, ప్రతి మాటా బూటు నేల మీద ఆనించినట్టు పలికే గొంతు. గదిలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. అది రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకాయనదట. తొమ్మిదేళ్లు చుక్క ముట్టకుండా ఉండి కిందటేడు గుండె ఆగి పోయాడు. గొంతు మాత్రం ఇక్కడే ఉండిపోయింది, తీసుకెళ్లే నిబంధన లేదు.

వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. ప్రతి బుధవారం వస్తుందని, కొత్త సభ్యులు నోరు తెరిచేదాకా కూర్చుని వెళ్లిపోతుందని పక్కావిడ భ్రమరాంబ చెవిలో చెప్పింది.

"బాబూ, ఒక్క మాట అనండి" అంది పెద్దావిడ. "తలుపేసుకో, వెళ్లొస్తాను అనండి. చాలు."

సూరిబాబు ఇబ్బందిగా నిలబడ్డాడు. తరువాత అన్నాడు. తలుపేసుకో, వెళ్లొస్తాను.

పెద్దావిడ అలాగే అని తలూపి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మీటింగు నడిపే ఆయన సూరిబాబు భుజం మీద చెయ్యి వేసి, గొంతు ఇక్కడ పెట్టి వెళ్లండి, మీది దొరికేదాకా వెతుక్కోండి అని మర్యాదగా చెప్పాడు. ఆ రోజు తిరిగొస్తూ స్కూటరు మీద భ్రమరాంబ ఏమీ మాట్లాడలేదు. మాట్లాడగలిగింది ఆమె ఒక్కతే కాబట్టి దారంతా నిశ్శబ్దంగా గడిచింది.

గొంతు దొరికింది మూడో వారం, శనివారం మీటింగులో. స్టేషను రోడ్డులో పెళ్లి సామాన్లు అద్దెకిచ్చే గోడౌను అది. అక్కడ కుర్చీలకు కొదవ లేదు. అయితే శనివారం మీటింగులో ఇంటివాళ్లకు ప్రవేశం నెలాఖరు వారమే. భ్రమరాంబ బయట స్కూటరుకు ఆనుకుని నిలబడింది. షట్టరు దించి ఉంది. లోపలినుంచి ముందు ఒక దగ్గు, తరువాత ఆయన గొంతు. మాటలు తెలియలేదు. బావిలోంచి చేద వస్తున్నప్పుడు నీళ్లు వినబడినట్టు వినబడింది. బయటికొచ్చాక సూరిబాబు ముఖం ఇంటర్ పాసైన కుర్రాడి ముఖంలా ఉంది. జేబులోంచి కాగితం తీసి, "దొరికింది" అని రాశాడు.

"విన్నాను" అంది ఆమె.

ఆ తరువాత రెండు శనివారాలు కూడా ఆమె షట్టరు బయటే నిలబడింది. ఇంటి దగ్గర పనుందిగా అని నరసాయమ్మ అంటే, ఆయన్ని ఒంటరిగా పంపితే దారిలో షాపులున్నాయి అని చెప్పింది. దారిలో షాపులున్న మాట నిజమే.

నెలాఖరు శనివారం షట్టరు సగం ఎత్తి ఉంచారు. భ్రమరాంబ గంజిపెట్టిన చీర కట్టుకుని వెనక వరసలో కూర్చుంది. ఆమె కుర్చీకి ఎవరి పెళ్లిదో గులాబీ రంగు రిబ్బను ఇంకా కట్టే ఉంది. సూరిబాబు లేచాడు.

"నా పేరు సూరిబాబండి. నేను తాగుబోతుని."

"నమస్కారం సూరిబాబూ" అన్నారు ముప్ఫై మంది ఒక్కసారిగా.

"మా ఇంట్లో ఆవిడ ఉందండి" అని మొదలుపెట్టాడు. "నేను ఏ టైముకొచ్చినా గిన్నె మూత తీసి చూపించేది. ఏం కూరో నోటితో చెప్పేది కాదు, చూపించేది. నేను చూసేవాణ్ణి కాదు. ఇప్పుడు చూస్తున్నానండి. వంకాయలో ఆవిడ కొబ్బరేస్తదని నాకు నలభయ్యారో ఏట తెలిసింది." జనం నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. "నవ్వకండి, మీవోళ్లు ఏమేస్తారో చెప్పండి చూద్దాం." ఎవరూ చెప్పలేకపోయారు. "నేను అరుగు మీద పడిపోయిన రోజున ఆవిడ తలుపేసుకోలేదండి. తీసే ఉంచింది. అదేంటని అడగాలనుంది. ఆవిడకి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఇంటికెళ్తే గొంతుండదు. పలక మీద రాద్దామంటే ఇలాంటివి పలక మీద పట్టవండి."

ముప్ఫై మంది తలలూపారు. భ్రమరాంబ తన గురించి తనకు తెలియని విషయాలు ఆ సాయంత్రం చాలా తెలుసుకుంది. అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు వినాలని ఆమె ఎదురుచూసిన మాటలే. ఇప్పుడు అతిథిగా, వెనక వరసలో, పరాయి పెళ్లి కుర్చీలో కూర్చుని వింటోంది. ఇరవై నిమిషాల్లో ఆయన ఆవిడ అన్నాడు, మా ఇంట్లో మనిషి అన్నాడు, ఒకసారి పాపం ఆ తల్లి అని కూడా అన్నాడు. పేరు ఒక్కసారీ అనలేదు.

మీటింగు నడిపే జోజిబాబు టీ గ్లాసులు పంచుతుంటే ఆమె అడిగింది. "ఇక్కడ పేర్లు చెప్పకూడదాండి?"

"ఎవరి పేరు వాళ్లే చెప్పుకోవాలమ్మా. ఎదుటివాళ్ల పేరు మనం ఎత్తకూడదు. అది మొదటి నియమం."

"ఇందాక అందరూ ఆయన పేరు అన్నారుగా."

"ఆయన చెప్పుకున్నాక అన్నాం. చెప్పుకున్నవాళ్లకి నమస్కారం పెట్టి తీరాలి. అది రెండో నియమం. ఎవరూ నోరు మెదపకుండా కూర్చోడానికి లేదు."

"వెనక వరసవాళ్లు చెప్పుకోవచ్చా?"

"వెనక వరసకి వినడమేనమ్మా. చెప్పుకోవాలంటే సభ్యులవ్వాలి."

"దానికేం కావాలి?"

"మానాలన్న కోరిక ఉండాలి. ఇంకేం అక్కర్లేదు."

భ్రమరాంబ టీ గ్లాసు రెండో చేతిలోకి మార్చుకుంది. "నేనెప్పుడూ ముట్టుకోలేదండి."

"ముట్టుకుని ఉండాలని మా నియమాల్లో లేదమ్మా" అన్నాడు జోజిబాబు. ఆ ప్రశ్న ఆయనకు కొత్త కానట్టుంది. ముందు వరస వైపు గడ్డంతో చూపించాడు. అక్కడ నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. "వాళ్లలో ఒక్కరూ తాగినవాళ్లు కాదు. ఆ ఎర్ర చీరావిడ మానేసి ఆరేళ్లు. గట్టి మనిషి, ఒక్కసారి కూడా జారలేదు."

ఎర్ర చీరావిడ పేరు శాంతకుమారి. భ్రమరాంబ వెళ్లి పక్కన కూర్చుంటే, ఎందుకొచ్చావని అడగలేదు.

"వారానికొక్కసారి" అంది శాంతకుమారి. "ముప్ఫై మంది కలిసి మన పేరు అంటారు. మన మనిషి గొంతు అందులో ఎక్కడుందో మొదట్లో దొరకదు. నాకు మూడు నెలలు పట్టింది. మా ఆయనది కొంచెం వెనకపడుతది, అందరూ ఆగాక చివరి ముక్క ఆయనొక్కడిదే వినిపిస్తది."

"ఇంట్లో మీ గొంతు?"

"పోతుంది. పేరు రాయించుకున్న పదకొండో రోజున. నియమం అందరికీ ఒకటే."

"మీవాళ్లు ఏమన్నారు?"

"మావాళ్లకి నాలుగు నెలల దాకా తెలియలేదు. ఒకరోజు ఫోను మోగుతుంటే నేను ఎత్తలేదని మా పెద్దోడు కేకలేశాడు. అప్పుడు తెలిసింది."

సోమవారం దాకా ఆగకుండా భ్రమరాంబ ఆ సాయంత్రమే ఆరోగ్య కార్యదర్శికి ఫోను చేసి కూడా కనుక్కుంది. ఆడవాళ్ల స్వర బదిలీకి దరఖాస్తు వేరే లేదని ప్రశాంతి చెప్పింది. సాక్షుల సంతకాల దగ్గర మాత్రం కొంచెం ఆలస్యమవుతోందట. గొంతు విన్నామని చెప్పేవాళ్లు చప్పున దొరకడం లేదు. పై ఆఫీసువాళ్లకు మాత్రం చాలా సంతోషంగా ఉందని, ఈ వార్డులో ఆడవాళ్లు తాగుడు మానేస్తున్న తీరు మెచ్చుకుంటూ కాగితం వచ్చిందని చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం భ్రమరాంబ చేపల పులుసు పెట్టింది. నలుగురూ కూర్చున్నారు. సూరిబాబు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు గిన్నెలోకి తొంగిచూశాడు. ఆమె అందరికీ వడ్డించి, తన కంచంలో అన్నం పెట్టుకుని, కలపకుండా ఆగింది.

"వచ్చే శనివారం నుంచి నేనూ మీటింగుకి వెళ్తున్నాను. పేరు రాయించుకుంటున్నాను."

"ఎందుకు?" అంది నరసాయమ్మ.

"తాగుడు మానేస్తున్నానత్తయ్యా."

నరసాయమ్మ ముల్లు తీసి కంచం అంచున పెట్టింది. "ఎప్పుడు మొదలెట్టావ్?"

"మొదలెట్టలేదు."

"మొదలెట్టకుండా మానేయడమే నయం. మావాడికి ఆ తెలివి లేకపోయింది." ఆమె ఇంకో ముద్ద తిని అడిగింది. "ఎన్నింటికి మీటింగు?"

"ఆరింటికి."

"పాలు తోడు పెట్టి వెళ్తావుగా?"

"పెట్టే వెళ్తాను."

"అయితే వెళ్లు."

సూరిబాబు తినడం ఆపేశాడు. కుడి చేతినిండా పులుసు ఉంది. ఆయన భార్య ముఖం వైపు చాలాసేపు చూశాడు. ఆమె ఎందుకు వెళ్తోందో ఆయనకు అర్థమయినట్టే ఉంది. పెదవులు విడివడ్డాయి, తల్లి పక్కనే ఉందని గుర్తొచ్చి మూతపడ్డాయి. ఎడమ చేత్తో పలక దగ్గరికి లాక్కుని, వంకర అక్షరాలతో రాశాడు. "ముందు వరసలో కుర్చీ ఉంచుతాను."

ఆమె చదివి, సరే అని తలూపింది.

"నీ గొంతు కూడా పోద్దా అమ్మా?" అంది వల్లిక.

"పోతుంది. ఇవాళ్టి నుంచి పదిహేడు రోజులుంది. నన్ను ఏమైనా అడగాల్సినవుంటే ఈలోపు అడిగేసుకోండి."

ముగ్గురూ కంచాల్లో చేతులు ఉంచుకుని ఆలోచించారు. బయట ఎవరో ఉల్లిపాయలు అమ్ముకుంటూ వెళ్లిపోయారు.

"గ్యాసు వాడి నంబరు ఎక్కడ రాశావ్?" అంది నరసాయమ్మ.

"ఫ్రిజ్ పక్క గోడ మీద, పెన్సిలుతో."

"నా తెల్ల చున్నీ ఎక్కడుంది?" అంది వల్లిక.

"బీరువా రెండో అరలో, దుప్పట్ల కింద."

"ఇంకా?" అని అడిగింది భ్రమరాంబ.

మళ్లీ ఆలోచించారు. ఇంకేమీ లేవని నరసాయమ్మ అంది. వల్లిక తల అడ్డంగా ఊపింది. భ్రమరాంబ మజ్జిగ గిన్నె తీసుకుని, ఒక్కొక్కరి కంచంలోనూ వడ్డించింది.